కారం మర పైన మౌన ఆరాధన

బెంగుళూరు వెళ్ళొచ్చానంటే మా వీధిలో అందరూ ఎవరింటికని అడిగారు. చర్చికి అన్నాను. మా ఎదురింటి రిటైర్డ్ హెడ్మాస్టరు గారు చదువుతున్న పేపరు దించి, కళ్ళజోడు తీసి, "ఒంట్లో బాగానే ఉందామ్మా?" అన్నారు. ఆయన ప్రశ్నలో న్యాయముంది. ముప్పై ఏళ్ళకు పైగా గుంటూరు జిల్లాలో నేను వేదికెక్కని ఊరు తక్కువ. బాబాల విబూదినీ, స్వస్థత సభల్లో లేచి నడిచే కుంటివాళ్ళనూ ఒకే చీపురుతో ఊడ్చాను. ఏ మతమూ నామీద పక్షపాతం ఆరోపించలేదు. అందరూ సమానంగానే తిట్టారు.

నన్ను పిలిచింది పాస్టర్ దేవదానం. కడప వైపు మనిషి. ఇద్దరం వయసులో ఉన్నప్పుడు ఒక చిన్న ఊళ్ళో "దేవుడున్నాడా" అనే అంశం మీద ఒకే వేదిక మీద వాదించుకున్నాం. ఎదుటివాడి మాట పూర్తిగా విని, ఆ తరువాతే కోయాలని మా నాన్న నాకు నేర్పాడు. నేను అలాగే కోశాను. అయినా ఆ రోజు చప్పట్లన్నీ దేవదానానికే. నా దగ్గర వాదన ఉంది, ఆయన దగ్గర గొంతు ఉంది. జనం గొంతు వైపు ఉన్నారు.

ఆ గొంతే ఇన్నేళ్ళ తరువాత ఫోన్‌లో పలికింది.

"అక్కా, అరవడం మానేసినా. ఆదివారం ఆరాధనలో అరగంట సేపు పాట ల్యా, ప్రసంగం ల్యా. ఊరికే కూచుంటాం. జనం పోతాండారు. వచ్చే ఆదివారం నన్ను ఉంచుకోవాల్నా, పంపీయాల్నా అని సంఘం తేలుస్తాది. అంతలోపల మీరొకసారి వచ్చి చూడాల."

"నేనెందుకయ్యా? మీ వాళ్ళు లేరా?"

"మీరు నన్ను నమ్మరు గదా. అందుకే."

ఇంత మర్యాదైన ఆహ్వానం నాకు ఏ సాహిత్య సభ నుంచీ రాలేదు.

మడివాళలో బెల్లం

శుక్రవారం పొద్దున మడివాళలో బస్సు దిగాను. మన జిల్లాల నుంచి వెళ్ళే ప్రైవేటు బస్సులన్నీ అక్కడే కక్కుతాయి. ఏ స్తంభానికి చూసినా పీజీ హాస్టళ్ళ కాగితాలే. "ఆంధ్రా భోజనం గ్యారంటీ" అన్న బోర్డులు తిరుపతిలో గోవిందనామాలంత దట్టంగా ఉన్నాయి. భుజాన ల్యాప్‌టాప్ సంచులతో పిల్లలు, కూరగాయల బస్తాల మధ్య నుంచి పాదాలు తడవకుండా దాటుకుంటూ పోతున్నారు.

మొదటి దెబ్బ ఇడ్లీ దగ్గర తగిలింది. పళ్ళెమంత వెడల్పున్న ఒక్క ఇడ్లీ, పక్కన సాంబారు. సాంబారులో బెల్లం. దేవుణ్ణి నమ్మేవాళ్ళతో నేను కూర్చుని మాట్లాడగలను గానీ సాంబారులో బెల్లం వేసేవాళ్ళతో నాకు మౌలికమైన విభేదం ఉంది. హోటలాయనతో అదే అన్నాను. ఆయన తాతల నాడే కోలారు నుంచి వచ్చి స్థిరపడ్డ తెలుగాయన.

"అది అట్లే ఉండాదమ్మా ఈడ. నాలుగు దినాలు తినండి, మీ ఊరి సాంబారే మీకు చప్పగా ఉంటాది" అన్నాడు.

"చప్పగానా?"

"కారం ఉంటాది. రుచి ఉండదు."

నలభై రూపాయలు ఇచ్చి, ఓటమి ఒప్పుకోకుండా లేచాను.

దేవదానం ఇల్లు మార్కెట్ వెనక సందులో రెండు గదులు. ఆ సందు చివర్లోనే ఆయన చర్చి. కింద కారం మర, పక్కన మిరపకాయల కొట్టు, పైన రేకుల కప్పుతో పొడుగాటి హాలు. ఆ కొట్టూ, మరా, హాలూ అన్నీ ఒకాయనవే. పేరు ఇశ్రాయేలు. కర్నూలు వైపు పల్లె నుంచి బస్తాలు మోసే కూలీగా వచ్చి ఇప్పుడు బస్తాలు మోయించే స్థాయికి చేరినవాడు. హాలుకు అద్దె తీసుకోడు. ఆదివారం ఆరాధన జరిగినంతసేపు మర ఆపుతాడు. సంఘ పెద్ద ఆయనే. అంటే, దేవదానం ఉండడమూ పోవడమూ ఎక్కువ భాగం ఆయన చేతిలోనే.

మధ్యాహ్నం రాగి సంగటి, చింతాకు పప్పు. దేవదానం భార్య నిర్మల సంగటి ముద్ద మధ్యలో గుంట చేసి నెయ్యి పోసింది. దేవదానాన్ని చూసి నేను ముందు నిరాశపడ్డాను. మౌనం పాటించే మనిషంటే సన్నగా, కళ్ళు లోతుగా, ఎటో చూస్తూ ఉంటాడనుకున్నాను. ఈయన బొద్దుగా ఉన్నాడు. తినేటప్పుడు క్రికెట్ గురించీ, ఆటోవాళ్ళ మోసాల గురించీ ఆపకుండా మాట్లాడాడు.

"మౌనం గుళ్ళోనేనక్కా" అంది నిర్మల. "అక్కడ మిగిలిందంతా ఇంటికి తెస్తాడు."

అరవడం ఎందుకు మానేశావని అడిగాను. అప్పుడు మాత్రం ఆయన ముద్ద పళ్ళెంలో పెట్టాడు.

"మైకుకు ఎకో ఉంటాది గదక్కా. ప్రార్థనలో 'యేసయ్యా' అన్నప్పుడు దాన్ని పెంచితే ఆ మాట హాలంతా తిరుగుతాది. ఆడోళ్ళు ఏడుస్తారు. ఒక దినం నేనూ ఏడుస్తాండా. నిజంగానే ఏడుస్తాండా, కండ్లు మూసుకోని. అప్పుడు తెలిసింది, నా ఎడమ చెయ్యి ఎకో బటన్ తిప్పుతాంది. సరైన మాట దగ్గర, సరైనంత. కండ్లు మూసుకున్నాయి గానీ చెయ్యి మూసుకోల్యా. ఎన్నేండ్ల నుంచి తిప్పుతాందో. ఆ మరుసటి వారం మైకు తీసేసినా."

నేను ఊరుకునే రకం కాదు. "మైకు తీసేస్తే నాటకం పోతుందా? మాటల్లేని నాటకాన్ని మూకాభినయం అంటారు. నీ మౌనం ఇంకో రకం ఎకో కాదని ఏమిటి నమ్మకం?"

"నమ్మకం ల్యాదు" అన్నాడు తేలిగ్గా. "అది తెలుసుకోనీకే మిమ్మల్ని పిలిచింది. నన్ను నమ్మేవాళ్ళు బాగుందంటే అది లెక్కలోకి రాదు. బాగలేదంటే వాళ్ళకు పాట కావాల్నేమో అనుకుంటా. మీకు రెండూ వద్దు."

వాదన వదిలేసి సంగటి కలుపుకున్నాను. కలపకూడదట, మింగాలట. అది మరో పొరపాటు.

చిక్కపేటలో వ్యాపార సలహా

ఆ సాయంత్రమే నిర్మల నన్ను మెట్రోలో చిక్కపేట తీసుకెళ్ళింది. ఆమె అక్కడ టోకున చీరలు కొని మడివాళ పీజీల్లో వంట చేసే ఆడవాళ్ళకు వాయిదాల మీద అమ్ముతుంది. సంఘం కానుకలు తగ్గాక ఇల్లు నడిచేది ఆ చీరల మీదే. స్టేషన్ మెట్లెక్కి బయట పడగానే తోపుడు బండి ఒకటి నా కాలి మీదుగా పోయినంత పని చేసింది. చెప్పు తెగింది. బండి తోసేవాడు ఆగకుండానే కన్నడంలో ఏదో అన్నాడు.

"ఏమన్నాడు?"

"బండికి కండ్లు లేవు, మీకున్నాయి గదా అన్నాడక్కా."

తర్కం బలంగానే ఉంది. ఎదురాడకుండా కొత్త చెప్పులు కొనుక్కున్నాను. రెండు వందల యాభై చెప్పి నూట ఎనభైకి ఇచ్చాడు. మా ఊళ్ళో అయితే బేరమాడినందుకు దుకాణదారు అలుగుతాడు. ఇక్కడ ఆడకపోతే అలిగేలా ఉన్నాడు.

నిర్మల ఎప్పుడూ వెళ్ళే చీరల కొట్టు యజమాని పాతకాలపు బెంగుళూరు తెలుగాయన. నుదుట నామం, గల్లా మీద వెంకటేశ్వరుడు. దించిన చీరలన్నీ విప్పి చూపిస్తూనే అడిగాడు.

"ఏమ్మా పాస్టరమ్మా, మీ యజమానులు గుళ్ళో ఇంకా మాట్లాడల్యా?"

"ల్యాదప్పా. ఆదివారం పంచాయితీ ఉండాది."

"చూడమ్మా, మా మఠంలో స్వామీజీ మౌనవ్రతం పట్టినాడంటే ఊరు ఊరంతా కదిలొస్తుంది, ఆయన పలకకుండా కూచునేది చూడనీకె. మీ ఆయన పలకకపోతే ఉండేవాళ్ళు పోతారు. ఎందుకు చెప్పు?"

"మీరే చెప్పండప్పా."

"స్వామీజీ మౌనంగా ఉండాడని బయట బోర్డు పెడతారు. మీ ఆయన పెట్టల్యా. యాపారం తెలీదు మనిషికి."

నేను నవ్వాను గానీ నిర్మల నవ్వలేదు. చీరలు మూట కట్టించుకుని బయటికొచ్చాక, రద్దీలో నా చెయ్యి పట్టుకుని నడుస్తూ అంది.

"ఆయన చేసేది తప్పని నేననను అక్కా. కానీ ఆయన పలికినన్నాళ్ళూ నేను ఇంట్లో కూచున్యా. ఆయన కూచున్నాక నేను వీధులెంబడి పలుకుతాండా. ఈ హాలు పోతే ఆ రెండు గదులూ పోతాయి. ఆ ఇల్లూ ఇశ్రాయేలన్నదే."

మౌనానికి కూడా ఎవరో ఒకరు ఖర్చు పెట్టుకోవాలని నేను రాసిన వ్యాసాల్లో ఎక్కడా లేదు.

ఎలక్ట్రానిక్ సిటీలో నిజాయితీ

దేవదానం దగ్గర్నుంచి వెళ్ళిపోయినవాళ్ళు ఎక్కడికి వెళ్ళారో చూడకపోతే నా పరిశీలన సగమే. శనివారం సాయంత్రం కీర్తన నన్ను అక్కడికి తీసుకెళ్ళింది. మహబూబ్‌నగర్ వైపు అమ్మాయి. మడివాళ పీజీలో ఉంటూ ఎలక్ట్రానిక్ సిటీలో సాఫ్ట్‌వేర్ పరీక్షిస్తుంది. రెండేళ్ళు దేవదానం సంఘంలో పాటలు పాడి, మౌనం మొదలయ్యాక ఈ పెద్ద చర్చికి మారింది.

"ఫస్ట్ టైమ్ వచ్చినవాళ్ళకి కాఫీ మగ్గు గిఫ్ట్ ఇస్తారు ఆంటీ" అని ముందే చెప్పింది.

ఇచ్చారు. దాని మీద "నీవు నీలాగే రా" అని ఇంగ్లీషులో రాసి ఉంది. కాఫీ మాత్రం బయట కౌంటర్లో కొనుక్కోవాలి. రెండు వందల ఇరవై. నేను నాలాగే ఖాళీ మగ్గుతో లోపలికి వెళ్ళాను.

లోపల చీకటి. తెర మీద అంకెలు తగ్గుతూ వచ్చాయి, రాకెట్టు వదిలేముందు లాగా. సున్నా దగ్గర డ్రమ్సు మొదలయ్యాయి. వేదిక కింద నుంచి తెల్లటి పొగ లేచింది.

"పొగ ఎందుకమ్మా?"

"యాంబియెన్స్ ఆంటీ."

మా ఊళ్ళో బాబాలు పొగ వేస్తే మేము మోసమని కరపత్రాలు వేశాం. అది యాంబియెన్స్ అని తెలియక ఎంత కాగితం దండగ చేశామో.

ప్రసంగం చేసిన యువకుడి జీన్స్ మోకాళ్ళ దగ్గర చిరిగి ఉంది. చిరుగు కొత్తది. ఆ రోజు అంశం నిజాయితీగా బతకడం. మతం ముసుగు తీసేద్దాం, ఉన్నది ఉన్నట్టు మాట్లాడుకుందాం అన్నాడు. "మీరేదో నన్ను గొప్పవాణ్ణనుకుంటారు. నేను కూడా లోపల విరిగిపోయినవాణ్ణి" అన్నప్పుడు అతని గొంతు వణికింది. చుట్టూ ముక్కులు చీదుతున్నారు. నాకు వేదికల అలవాటు ఎక్కువ గనక వక్త ఎటు చూస్తున్నాడో అటు చూశాను. వెనక గోడ మీద అతనికి మాత్రమే కనబడేలా ఒక తెర. దాని మీద అతని మాటలు ఒక్కో వరుసా పైకి పాకుతున్నాయి. "విరిగిపోయినవాణ్ణి" తరువాత పసుపు రంగులో "ఆగు, నీళ్ళు తాగు" అని ఉంది. అతను ఆగి, నీళ్ళు తాగాడు.

మౌనం అక్కడ కూడా ఉంది. నాలుగు చిన్న గాజు గదులున్నాయి, ధ్యానానికి. ఫోన్‌లో ముందే పేరు నమోదు చేసుకోవాలి. కీర్తన నా పేరున ఒకటి పట్టింది. లోపల బియ్యం బస్తా లాంటి మెత్తటి ఆసనం, బ్యాటరీ కొవ్వొత్తి. చెవులకు తగిలించుకుంటే వాగు పారిన చప్పుడు, ఆ వాగు మీద ఒక అమ్మాయి గొంతు: మనసు ఖాళీ చేసుకోండి, ఇప్పుడు ఇంకా ఖాళీ చేసుకోండి. ఖాళీ కావస్తుండగా గంట మోగింది. తలుపు బయట తరువాతి భక్తుడు వాచీ చూసుకుంటున్నాడు. బయటికి రాగానే కీర్తన ఫోన్ "మీ నిశ్శబ్దం ఎలా ఉంది?" అని అడిగి ఐదు నక్షత్రాలు చూపించింది. మూడు ఇచ్చాను. వాగు మరీ గోల.

తిరుగు బస్సులో నేను ఇదంతా ఎత్తి చూపిస్తూ వచ్చాను. కీర్తన కిటికీ వైపు తిరిగి చాలాసేపు విన్నది.

"మీరు చెప్పేవన్నీ నాకూ తెలుసు ఆంటీ. ఆ స్క్రీన్ స్లైడ్స్ కొన్నిసార్లు నేనే టైప్ చేస్తా."

"మరి ఎందుకెళ్తావు?"

"అక్కడ లైట్లు తీసేస్తారు. ఏడిస్తే ఎవరూ చూడరు, ఏడవకపోయినా ఎవరూ చూడరు. దేవదానం అంకుల్ దగ్గర సైలెన్స్‌లో లైట్లు వెలుగుతుంటాయి. అందరికీ అందరూ కనిపిస్తారు. నాకు లోపల ఏమీ అనిపించట్లేదని తెలిసిపోతదేమోనని భయం."

ఇంతకంటే నిజాయితీ మాట ఆ సాయంత్రం వేదిక మీద వినలేదు. రేపు రామ్మా, నా పక్కన కూర్చుందువు అన్నాను. చూస్తా ఆంటీ అంది.

ఆదివారం, అతిథి కుర్చీ

హాల్లో చాపలు పరిచి ఉన్నాయి. అనంతపురం వైపు నుంచి వచ్చి మేస్త్రీల దగ్గర ఇటుకలందించే ఆడవాళ్ళు, సెంట్రింగ్ పని చేసే పాలమూరు మగవాళ్ళు, నాలుగైదు పీజీ ముఖాలు. కొందరు ఆడవాళ్ళకు బొట్టుంది, మెడలో దారముంది. ఎవరూ వద్దనరట. కీర్తన కూడా వచ్చింది, తలుపు దగ్గర కూర్చుంది.

నాకు చాప లేదు. ఇశ్రాయేలు గారు స్వయంగా ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, దాని మీద టర్కీ టవల్ పరిచి, గాలి బాగా వస్తుందని వెనక కిటికీ పక్కన వేయించారు. అందరికీ దూరంగా, గౌరవంగా.

బైబిల్లోంచి ఒక వాక్యం చదివి దేవదానం నేల మీద కూర్చున్నాడు. మౌనం మొదలైంది.

నేను పరిశీలనకు సిద్ధమయ్యాను. ఎవరి కళ్ళు మూసుకున్నాయి, ఎవరివి తెరుచుకున్నాయి, పాస్టరు చెయ్యి ఏం చేస్తోంది. అంతలో కింద నుంచి మర తిరిగిన చప్పుడు సన్నగా మొదలైంది. మార్కెట్ గోలలో అది ఎవరికీ పట్టలేదు. కాసేపటికి నా కిటికీలోంచి గాలితో పాటు ఎర్రటి ఘాటు పైకొచ్చింది.

గొంతులో దురద పుట్టింది. దగ్గాలి. బయట మార్కెట్ గోల ఉన్నా, హాల్లో ఎవరు దగ్గినా అందరూ తిరిగి చూసేంత నిశ్శబ్దం. అందులో హేతువాది దగ్గితే కావాలని చెడగొట్టిందంటారు. లేచి చోటు మారితే విసుగు పుట్టి లేచిందంటారు. పరాయి ఇంట్లో వాళ్ళ పద్ధతిని గౌరవించడం మా నాన్న నేర్పిన రెండో పాఠం. దగ్గు ఆపుకున్నాను. గొంతులో ఆపిన దగ్గు భుజాల్లోకి పోయింది. భుజాలు అదిరాయి. భుజాల్లో ఆపితే కళ్ళలోకి వచ్చింది. కొంగు నోట్లో కుక్కుకున్నాను. నీళ్ళు ధారలు కట్టాయి. మొత్తం ఘాటేనని ప్రమాణం చేసి చెబుతాను, దేవుడి మీద మాత్రం కాదు.

ఎవరో నా భుజం మీద చెయ్యి వేశారు. కీర్తన. ఎప్పుడు లేచి వచ్చిందో, నా చేతిలో కాగితపు రుమాలు పెట్టి చెవిలో అంది: "ఇట్స్ ఓకే ఆంటీ. ఆపుకోకండి."

తలెత్తి చూస్తే హాలు మొత్తం నన్నే చూస్తోంది. ఇటుకలందించే ఆడవాళ్ళలో ఇద్దరు నాతో పాటు ఏడుస్తున్నారు. వాళ్ళ వైపు ఘాటు లేదు.

ఒక్క విషయంలో మౌనం

అరగంట ముగిశాక సంఘ కూటం. పాస్టరును ఉంచాలా పంపాలా అని తేల్చాల్సిన కూటం. ఇశ్రాయేలు గారు లేచారు.

"ఈ పొద్దు పాస్టరయ్య సంగతి మాట్లాడుకోవాలని కూడినాం. నేనూ పంపీయాలనే అనుకున్న్యా, దాచేదేముంది. కీబోర్డు వాయించే పాస్టరునొకాయన్ని మాట్లాడిపెట్టినా గూడా. అయితే దేవుడు లేడని ఊరూరా చెప్పే ఈయమ్మ, ఒక పాట లేకుండా, ఒక మాట లేకుండా, ఈడ కూచోని ఎట్ల కరిగిపాయనో మీరే చూసినారు. ఇంక నేను మాట్లాడేదేముంది? మేడమ్ గారు సాక్ష్యం చెప్తారు."

సాక్ష్యం అంటే, చర్చికి వెళ్ళని పాఠకుల కోసం, దేవుడు తనకు చేసిన మేలును నలుగురిలో లేచి చెప్పడం. నేను లేచాను. నిజం చెప్పడం నా వృత్తి. ఒక్క వాక్యం చాలు: కింద మిరపకాయలు ఆడుతున్నాయి. కానీ ఆ వాక్యానికీ నాకూ మధ్య నిర్మల కూర్చుని ఉంది. శుక్రవారం నుంచి బిగిసి ఉన్న ఆమె ముఖం అప్పుడే సడలింది. రెండు గదులూ, హాలూ ఆ ముఖంలోకి తిరిగి వస్తున్నాయి. ఆ నిజం చెబితే పోయేది అబద్ధాలకోరు కాదు, బెంగుళూరులో నేను చూసిన బోధకుల్లో అబద్ధం ఆడని ఒకే ఒక్కడు.

"నా కళ్ళలో నీళ్ళు వచ్చిన మాట వాస్తవం" అన్నాను. కూర్చున్నాను.

హల్లెలూయా అని హాలు లేచింది. నేను చెప్పిన దాంట్లో అబద్ధమైన అక్షరం ఒక్కటి లేదు. ఇలాంటి వాక్యాలు పట్టుకునే గదా నేను ఇన్నేళ్ళు బాబాల తోలు వొలిచింది.

దేవదానం కూర్చున్నచోటు నుంచి కదలకుండా అడిగాడు. "ఇశ్రాయేలన్నా, కింద మర ఎవరు వేసినారు?"

"క్యాటరింగోళ్ళ ఆర్డరయ్యా, పెండ్లిదంట. మా పిల్లోళ్ళు వేసింటారు. అదెందుకిప్పుడు?"

"అక్క కూచున్నది మర కిటికీ మింద. అది కారం ఘాటు."

ఇశ్రాయేలు గారు నవ్వారు. ముప్పై ఏళ్ళ మిరప వ్యాపారం ఆ నవ్వులో ఉంది. "ఆడేది బ్యాడిగి కాయయ్యా. రంగే గాని ఘాటేముంది దానికి? ఈయమ్మది యా ఊరు? గుంటూరు. గుంటూరాయమ్మకు బ్యాడిగి ఘాటుకు కండ్లల్లో నీళ్ళొస్తాయా? ఎవరన్నా నమ్ముతారా?"

ఎవరూ నమ్మలేదు. ఇన్నేళ్ళ వాదప్రతివాదాల్లో ఇంత పకడ్బందీగా నన్ను ఎవరూ కట్టేయలేదు. అప్పటికి నాకు సిగ్గొచ్చింది. మళ్ళీ లేచి, అది ఘాటేనని, దగ్గు ఆపుకోవడం వల్ల అలా అయిందని, నాకు ఏ మార్పూ కలగలేదని స్పష్టంగా చెప్పాను. "తగ్గింపు చూడు ఆయమ్మకు" అంది ముందు వరుసలో ఒకావిడ పక్కావిడతో. తగ్గింపంటే చర్చి భాషలో వినయం. ఆలస్యంగా చెప్పిన నిజానికి ఆ మాత్రం శిక్ష న్యాయమే.

ఇశ్రాయేలు గారు దేవదానం దగ్గరికి వెళ్ళి వంగి, గొంతు తగ్గించి మాట్లాడారు. గొంతు తగ్గించినా ఆ హాల్లో అందరికీ వినపడింది.

"పాస్టరయ్యా, నిన్నెవరూ అబద్ధం చెప్పమనల్యా. ఊరికే ఉండు. నీకు మౌనం బాగా వచ్చు గదా, ఈ ఒక్క విషయంలో గూడా మౌనంగా ఉండు. హాలు నీది, ఇల్లు నీది."

దేవదానం భార్య వైపు చూశాడు. ఆమె తల దించుకుంది. ఔననీ కాదు, కాదనీ కాదు.

"ఈ నీళ్ళ మింద నన్ను నిలబెట్టొద్దన్నా" అన్నాడు. "ఇవి నా నీళ్ళు కాదు, దేవునివీ కాదు. మిరపకాయలవి. మీరు నన్ను ఉంచుకుంటే ఉట్టి మౌనానికి ఉంచుకోండి. లేకుంటే పంపీండి."

ఉట్టి మౌనానికి చేతులెత్తమన్నారు. కొన్ని చేతులే లేచాయి, చాలలేదు. ఎత్తినవాళ్ళలో కీర్తన ఉంది. తను ఇప్పుడు వేరే చర్చి మనిషి గనక ఆ చెయ్యి లెక్కలోకి రాదన్నారు. అద్భుతం చేతికందినట్టే అంది జారిపోయిన కోపం మిగిలినవాళ్ళ ముఖాల్లో ఉంది. నిర్మల చెయ్యి ఎత్తలేదు. పాస్టరమ్మకు ఓటు లేదట.

బస్సు దగ్గర

సాయంత్రం దేవదానం నన్ను బస్సెక్కించడానికి వచ్చాడు. నా సంచి మోస్తూ ఆటోవాడితో ఇరవై రూపాయల కోసం పోట్లాడాడు. పడిపోయిన మనిషిలా లేడు, లేచిన మనిషిలానూ లేడు. బస్సు కోసం నిలబడ్డప్పుడు తను పిలిచిన పని గుర్తు చేశాడు.

"చెప్పలేదు గదక్కా. నా మౌనం నాటకమేనా?"

"నాకు తెలియదయ్యా. ఆ అరగంటా దగ్గు ఆపుకోవడంలోనే ఉన్నాను. నీ చేతుల వైపు చూడనే లేదు."

ఆయన రోడ్డు మీద అందరూ తిరిగి చూసేలా నవ్వాడు. గొంతు ఇంకా అలాగే ఉంది.

"కానీ తరువాత మాట్లాడావు చూడు, అది నాటకం కాదు" అన్నాను. బస్సొచ్చింది.

ఇంటికొచ్చి ఇదంతా చెబితే హెడ్మాస్టరు గారు "చివరికి దేవుడున్నాడంటావా లేడంటావా?" అన్నారు. లేడనే అన్నాను. ఆ విషయంలో బెంగుళూరు నాకు కొత్త సాక్ష్యమేదీ ఇవ్వలేదు. హాల్లో ఇప్పుడు కీబోర్డు వాయించే పాస్టరు వచ్చాడని, గుంటూరు హేతువాది కరిగిపోయిన కుర్చీ ఇదేనని కొత్తవాళ్ళకు చూపిస్తున్నారని కీర్తన మెసేజ్ పెట్టింది. ఖండన రాసి పంపాను. దాన్ని కూడా తగ్గింపు కింద చదివి ఉంటారు.

ఆ తరువాతి వారం నిర్మలకు ఫోన్ చేశాను. మడివాళకు దూరంగా ఒక గది దొరికిందట. వంటా పడకా అందులోనే. చీరల మూటలు మంచం కింద.

"ఆదివారం ఎవరన్నా వచ్చారా?"

"ఎవరూ రాలేదక్కా. కీర్తన వస్తానన్యాది, డ్యూటీ పడింది. ఆయన ఒక్కడే గోడకు ఆనుకోని కూచున్న్యాడు. నేనూ కూచున్న్యా. ఇన్నేండ్లలో నేను కూచునింది ఇదే మొదలు. గుళ్ళో ఉన్నన్నాళ్ళూ టీ కాంచడం, చాపలు చుట్టడం, పిల్లోళ్ళను చూసుకోవడం, ఇదే సరిపోయ."

"ఎలా ఉంది మరి?"

"నిద్ర పట్టిందక్కా. శానా బాగా పట్టింది. ఆయన లేపల్యా."